ద్వాలి చేలో దొరికిన స్పాంజి

ద్వాలి పేరెత్తితే ఎర్రవాగు తండాలో ఎవరైనా ముందు ఆమె నోటి గురించే చెబుతారు. ములకలపల్లి సంతలో ఆమె బేరం మొదలుపెడితే పక్క కొట్టువాడు కూడా అడక్కుండానే ధర దించేవాడట. మొగుడు బిచ్యా బతికున్నన్నాళ్లూ ఆ నోటికి జడిసి బతికాడు. అతను పోయాక ఆ నోరే ఆమెకు దిక్కయింది. అంత నోరున్న మనిషి బతుకు మొత్తంలో ఒకే ఒక్కసారి, తండా అందరి ముందూ నిలబడి, పెద్ద అబద్ధం ఆడింది. ఆ అబద్ధానికి ఆమెకున్న నాలుగెకరాల చేనూ పోయింది. ఆడించింది ఎవరయ్యా అంటే ఒక రాయి, ఆ రాయి మీద ఒక చదువుకున్నాయన రాసిన పదకొండు పేజీల పుస్తకం. వింటే మీకు కోపం రావచ్చు. రానివ్వండి, నాకూ వచ్చింది.

ఎర్రవాగు తండా ములకలపల్లి నుంచి అడవిలోకి రెండు వాగులు దాటాక వస్తుంది. లంబాడీల ఇళ్లు ముప్ఫై దాకా ఉంటాయి. డెబ్భై నాలుగులో బిచ్యా, ద్వాలి ఇద్దరే గొడ్డలి పట్టి వాగు వంపు దగ్గర నాలుగెకరాల పోడు కొట్టారు. మోళ్లు కాల్చారు, రాళ్లు ఏరారు, జొన్నా కందీ చల్లారు. రెండో పంట ఇంటికి చేరకముందే బిచ్యా చలిజ్వరంతో పోయాడు. పిల్లలు లేరు. మరిది వరసవాళ్లు చేను తాము చూసుకుంటామని వచ్చారు. ద్వాలి వాళ్లను కూర్చోబెట్టి అంబలి పోసింది, తాగిందాకా ఆగింది, ఆ తర్వాత వాళ్ల ఏడు తరాలనూ తిట్టి సాగనంపింది. మళ్లీ ఆ చేను జోలికి ఎవరూ రాలేదు. నాగలి తనే పట్టింది. ఆడది నాగలి పట్టడమేమిటని ముక్కున వేలేసుకున్నవాళ్లు కోతలనాడు ఆమె జొన్న కంకుల్ని చూసి నోరు మూసుకున్నారు.

వెంకటనారాయణ ఆ తండాకు వచ్చింది డెబ్భై ఏడు ఎండాకాలంలో, రాజ్‌దూత్ బండి మీద. ఆయనది తాతల నాడు కృష్ణా జిల్లా నుంచి వచ్చి సత్తుపల్లి వైపు స్థిరపడ్డ కుటుంబం, అరవై ఎకరాల ఆసాములు. అన్నలు పొలం చూసుకుంటుంటే ఈయన రాళ్ల చదువు చదివి ఖమ్మం కాలేజీలో లెక్చరరయ్యాడు. ఆయనకొక పిచ్చి ఉండేది. ఈ అడవిలోని సున్నపురాయి ఒకప్పుడు సముద్రం అడుగున పేరుకున్నదేనని అందరూ ఒప్పుకుంటారు. అయితే అది మరీ పాత రాయి, ఒళ్లంటూ ఉన్న జీవి భూమ్మీద పుట్టకముందుది, అందులో జీవుల కోసం వెతకడం దండగ అని పెద్దవాళ్లు తేల్చేశారు. వెంకటనారాయణ ఒప్పుకోలేదు. కనీసం స్పాంజి అయినా ఉంటుందన్నాడు.

స్పాంజి అంటే సముద్రంలో బండకు కరుచుకుని పెరిగే జీవి. కాళ్లూ కళ్లూ ఏమీ ఉండవు, ఒళ్లంతా బొక్కలే. పక్కల బొక్కల్లోంచి నీళ్లు పీల్చి, పైనున్న పెద్ద బొక్కలోంచి వదలడమే దాని బతుకు. కోట్ల కొద్దీ స్పాంజిలు ఒకదాని మీద ఒకటి చచ్చి పేరుకుంటే నీళ్ల అడుగున పెద్ద గట్టు తయారవుతుంది. అలాంటి గట్టు ఈ అడవిలో దొరికిందంటే దేశం మొత్తం తన పేరు చెప్పుకుంటుందని ఆయన ఆశ. ఏడేళ్లు తిరిగినా ఏమీ దొరకలేదు. తోటి లెక్చరర్లు కనిపించినప్పుడల్లా, స్పాంజి దొరికితే మాకో ముక్క ఇవ్వండి మాస్టారూ, బోర్డు తుడుచుకుంటాం అని ఆటపట్టించేవారు. ఆ ఎగతాళి ఆయన కడుపులో ముల్లులా ఉండిపోయింది.

ఆ రోజు ఎండకు కళ్లు తిరిగి ద్వాలి చేలో గుడిసె దగ్గర ఆగాడు. దాహమంటే ఆమె చెంబుతో జొన్న అంబలి ఇచ్చింది. చెంబు నోటి దాకా తీసుకెళ్లిన మనిషి అలాగే ఆగిపోయాడు. ఎదురుగా మూడు రాళ్ల పొయ్యి ఉంది. అందులో ఒక రాయి గుమ్మడికాయంత ఉంది, ఒళ్లంతా సన్న సన్న బొక్కలు, పైన బొటనవేలు పట్టేంత పెద్ద బొక్క. కుండ దించడానికి కూడా ఆగకుండా వెళ్లి ఆ రాయిని పట్టుకున్నాడు. చేతులు చురుక్కుమన్నా వదల్లేదు. పాపం ఈ సారుకు వడదెబ్బ తగిలిందనుకుంది ద్వాలి.

ఎక్కడిదని అడిగితే చేను మధ్యకు తీసుకెళ్లి చూపించింది. మొదటి ఏడు దున్నినప్పుడు కర్రు విరగ్గొట్టిన బండ అది. బిచ్యా కోపమొచ్చి గడ్డపారతో పెకిలిస్తే ఈ రాయి ఊడి వచ్చింది, పొయ్యికి సరిపోయిందని తెచ్చి పెట్టుకున్నారు. ఆ బండ దగ్గర వెంకటనారాయణ మూడు రోజులు తవ్వించాడు. ముక్కలూ చెక్కలూ దొరికాయి గానీ పొయ్యిరాయంత నిండైనది ఇంకొకటి దొరకలేదు.

కొత్త జాతి జీవి దొరికిందని ఊరికే చెబితే లోకం నమ్మదు. ఒక్కొక్క బొక్కా కొలవాలి, ఎక్కడెక్కడ ఎన్నున్నాయో లెక్కపెట్టాలి, బొమ్మ గీయాలి, తెలిసిన జాతులకూ దీనికీ తేడా ఏమిటో రాయాలి. పద్నాలుగు రోజులు ఆయన ద్వాలి చేలో కూర్చుని ఆ పనే చేశాడు. రాయికి ఒకవైపంతా మూడేళ్ల మసి పట్టి ఉంది. అది పోతే తప్ప బొక్కలు కనబడవు. చింతపండూ బూడిదా వేసి, ఈత పీచుతో, ద్వాలే కూర్చుని తోమింది. మూడు రోజులకు రాయి తెల్లబడింది. ఇది పొయ్యిలో కాలిన రాయి అంటే ఇక ఎవరూ నమ్మనంత శుభ్రంగా తోమింది. తోమడం ఆమెకు చేతనైన పని.

ఇంకోటి కూడా చేసింది. ఒకరోజు రాయి కడుగుతూ, పక్క బొక్కల్లో పోసిన నీళ్లు లోపలే ఇంకిపోయి, రాయి వంచితే పై బొక్కలోంచి కారడం చూసింది. సారును పిలిచి చూపించింది. ఆయన చంటిపిల్లాడిలా గంతులేశాడు. లోపలి దారులన్నీ పైకే చేరుతున్నాయన్నమాట, స్పాంజి నీళ్లు తాగే పద్ధతీ అదే. పుస్తకంలో ఆయన గట్టి రుజువుగా పెట్టింది ఈ నీళ్ల సంగతినే. చూసిందెవరో రాయలేదనుకోండి, దానికి ద్వాలేమీ నొచ్చుకోలేదు. ఆమెకు ఆయన మంచివాడిలాగే కనిపించాడు. కూలి ఏ రోజుకారోజు ఇచ్చాడు, ఎన్నడూ కసరలేదు, వంకర చూపు చూడలేదు. ఆమె చేను హద్దులు, ఏ ఏడు కొట్టారో, ఏమేం పండిస్తున్నారో అన్నీ నోటుబుక్కులో రాసుకున్నాడు.

"నీ పేరూ నీ చేనూ పుస్తకంలో అచ్చవుతాయి ద్వాలీ" అన్నాడు, రాయిని బండికి కట్టుకుని వెళ్లేముందు.

ఇంకో మేలు కూడా చేసి వెళ్లాడు. ఆ రోజుల్లో పోడు కొట్టినవాళ్ల మీద అడవి శాఖ గార్డు కేసు రాసేవాడు. జుర్మానా కట్టించుకుని ఒక రసీదు ముక్క చేతిలో పెట్టేవాడు. వెంకటనారాయణ ఆ గార్డును కలిసి, ఈమె నా పని చేస్తోంది, ఈమె జోలికి పోవద్దని చెప్పాడు. గార్డు సరేనన్నాడు, మాట మీద నిలబడ్డాడు. తర్వాత రెండేళ్లలో తండా అంతటి మీదా కేసులయ్యాయి. తండా పెద్ద లాలు నాయక్ మీద మూడు, పక్క చేను రూప్లి మీద రెండు. ద్వాలి మీద ఒక్కటీ లేదు. ఆమె ఊరుకుంటుందా, వాగు దగ్గర నీళ్లకు వచ్చిన ఆడవాళ్లందరికీ చెప్పుకుని మురిసింది. రూప్లి కుళ్లుకుని నెల్లాళ్లు మాట్లాడలేదు.

ఇక పుస్తకం రాయడానికి కూర్చున్న వెంకటనారాయణకు ఒక చిక్కు వచ్చింది. అసలే ఈ రాళ్లలో జీవి ఉందంటే నమ్మని లోకం. అది నాగలి తిరిగిన చేలో, ఒకామె పొయ్యి కింద దొరికిందని రాస్తే ఇంకేమైనా ఉందా? ఎవరో ఎక్కడినుంచో తెచ్చి పడేశారంటారు, సంతలో కొన్నావంటారు, బోర్డు తుడుచుకునే జోకులు మళ్లీ మొదలవుతాయి. ఆ రాయిని మనిషి చెయ్యి తాకలేదని రాస్తే తప్ప నిలబడదు. ఆయన నోటుబుక్కు పక్కన పెట్టి అలాగే రాశాడు. దట్టమైన అడవి అన్నాడు, చుట్టూ ఐదు మైళ్లలో మనిషి లేడన్నాడు, కొండ పేరూ వాగు పేరూ మాత్రం సరిగ్గా రాశాడు. నిజమైన చోటుకు అబద్ధపు అడవి తొడిగాడు. చివరి పేజీలో, సాయం చేసినవాళ్ల వరసలో, ద్వాలి పేరు కూడా వేశాడు. మాట నిలబెట్టుకున్నానని అనుకుని ఉంటాడు. డెబ్భై తొమ్మిదిలో పుస్తకం అచ్చయింది. ఆయన డాక్టరయ్యాడు, ఆ పైన ప్రొఫెసరయ్యాడు. ఎర్రవాగుకు మళ్లీ రాలేదు.

ఆయన వచ్చి వెళ్లి పద్దెనిమిదేళ్లు గడిచాయి. తొంభై అయిదులో కబురొచ్చింది: ఎనభై అక్టోబరుకు ముందు నుంచి పోడు చేస్తున్నవాళ్లకు పట్టాలిస్తారట. నోటిమాట చెల్లదు, కాగితం చూపించాలి. తండా మొత్తం దూలాల సందుల్లో, రేకు డబ్బాల్లో వెతుక్కుని పాత జుర్మానా రసీదులు బయటికి తీసింది. ఒకప్పుడు ఏ కాగితాన్ని చూసి ఏడ్చారో ఆ కాగితాన్నే ఇప్పుడు కళ్లకద్దుకున్నారు. ద్వాలి దగ్గర ఒక్క రసీదూ లేదు. ఆమె ఏ తప్పూ చేసినట్టు రాసి లేదు కాబట్టి అసలు అక్కడ ఉన్నట్టే లెక్కలేదు. రెండు రోజులు అన్నం ముట్టలేదు. మూడోనాడు పుస్తకం గుర్తొచ్చింది. లేచి తల దువ్వుకుని, ముఖం కడుక్కుని, ఖమ్మం బస్సెక్కింది.

వెంకటనారాయణ ఇల్లు పట్టుకోవడానికి మధ్యాహ్నం దాటింది. ఆయన తల నెరిసింది. వచ్చే ఏడు రిటైరవుతాడు, శిష్యులు సన్మానానికి ఏర్పాట్లు చేస్తున్నారు. ఆయన స్పాంజి సంగతి అప్పటికే చెడింది. బయటి వాళ్లెవరో ఆ రాయిని పలచగా కోయించి చూసి, ఇది జీవీ కాదు పాడూ కాదు, వాన నీళ్లు తినేసిన బొక్కలు అని రాసేశారు. ఈయన మాత్రం అది ఇంకా తేలని వాదమే అంటూ ఉండేవాడు. ద్వాలిని చూడగానే గుర్తుపట్టాడు. సంతోషించాడు కూడా, వరండాలో కూర్చోబెట్టి కాఫీ ఇప్పించాడు.

"నా చేను పుస్తకంల అచ్చయితదన్నవ్ కద సారూ. గా పుస్తకం కావాలె" అంది ద్వాలి.

ఆయన లోపలికి వెళ్లి ఒక ప్రతి తెచ్చాడు. చివరి పేజీ తిప్పి ఆమె పేరు చూపించాడు. ఇంగ్లీషు అక్షరాలు, చీమలబారులా ఉన్నాయి. ఆమె వాటి మీద వేలు పెట్టి రెండుసార్లు అటూ ఇటూ జరిపింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. అప్పుడు చెప్పింది, పట్టాల సంగతి, రసీదుల సంగతి, ఇదొక్కటే తన కాగితమని. వింటూ వింటూ ఆయన పేజీలు వెనక్కి తిప్పాడు. రెండో పేజీ దగ్గర ఆగాడు. కళ్లజోడు తీసి తుడిచాడు, పెట్టుకున్నాడు, మళ్లీ తీశాడు.

"ఇది పనికొస్తుందంటావా?" అన్నాడు.

"ఎనభైకి ముందుదే కద సారూ?"

"ఆఁ. డెబ్భై తొమ్మిది."

"ఇగ చాలు."

ఆయన నోరు తెరవాల్సింది అప్పుడే. అమ్మా, ఇందులో నేను అబద్ధం రాశాను, దీన్ని ఎవరికీ చూపించకు అంటే చాలు. ఇంకొంచెం మనిషయితే, ఈమె ఆ చేను డెబ్భై నాలుగు నుంచీ దున్నుతోంది, నేను కళ్లారా చూశాను అని ఒక ఉత్తరం రాసిచ్చేవాడు. నోటుబుక్కు బీరువాలోనే ఉంది. కానీ ఆ ఉత్తరం రాస్తే తన పుస్తకం అబద్ధమని తన చేత్తోనే రాసినట్టు. సన్మానం ముందర ఆ పని ఎలా చేస్తాడు? కలం తీసి పుస్తకం అట్ట మీద సంతకం చేసి, దీవించినట్టు ఆమె చేతిలో పెట్టాడు. ద్వాలి ఆయన కాళ్లకు దండం పెట్టి బస్సెక్కింది. ఇది తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది.

తండాలో ఇంగ్లీషు చదివేవాళ్లు లేరు. చదివించుకోవాలని ఆమెకు తోచనూ లేదు. పేరుంది, ఏడుంది, సారు సంతకం ఉంది, ఇంకేం కావాలి? పుస్తకాన్ని గుడ్డలో చుట్టి, పట్టాల కోసం చేలు కొలిచే కమిటీ వచ్చిన రోజున దాని ఆఫీసరు బల్ల మీద పెట్టింది. రూప్లి వైపు ఒక చూపు కూడా చూసింది, మీవి జుర్మానా చిట్టీలు, నాది అచ్చు పుస్తకం అన్నట్టు.

ఆఫీసరు చెడ్డవాడేమీ కాదు, ఎండలో నాలుగు తండాలు తిరిగి అలసిపోయిన మనిషి. ముందు చివరి పేజీ చూశాడు, తర్వాత రెండో పేజీ చూశాడు. అందరికీ తెలిసేలా తెలుగులో చదివాడు. "ఈ నమూనా దొరికిన చోటు దట్టమైన అడవి. చుట్టూ ఐదు మైళ్ల మేర మనుషుల నివాసం గానీ సాగు గానీ ఏనాడూ లేవు. కనుక ఈ రాయి మనుషుల చేతుల మీదుగా ఇక్కడికి చేరిందన్న అనుమానానికి తావు లేదు."

ద్వాలికి ముందు అర్థం కాలేదు. మళ్లీ చదవమంది. ఆయన మళ్లీ చదివాడు.

"గది అబద్ధం సారూ. నేను గీడనే ఉన్న. గా రాయి నా పొయ్యి రాయి. నేనే తోమిన" అంది.

"నీ మాటకు కాగితం ఉందామ్మా?"

ఆమెకున్న కాగితం ఆ పుస్తకమే. అదే ఆమె అక్కడ లేదంటోంది. ఆఫీసరు పక్కనున్న అడవి శాఖ ఆయనతో మాట్లాడుకుని, తండా వాళ్లందరి రసీదులూ మళ్లీ ముందుకు లాక్కున్నాడు. రసీదుల మీద జుర్మానా ఉంది గానీ, ఏ కొండ కింద, ఏ వాగు పక్కన అన్నది లేదు. పుస్తకంలో కొండా వాగూ పేర్లతో సహా ఉన్నాయి. ఐదు మైళ్లంటే తండా మొత్తం అందులోకే వస్తుంది. పెద్ద చదువులాయన డెబ్భై తొమ్మిదిలో ఇక్కడ సాగు లేదని అచ్చువేశాక మేమెలా పట్టాలు రాయాలి అన్నాడు. తర్వాత ఆయనే దారి చెప్పాడు. ఈ పుస్తకం ఈ చోటు గురించి కాదని తెచ్చినామె వేలిముద్ర వేసి చెబితే, దాన్ని ఫైలులో పెట్టకుండా తిరిగి ఇచ్చేస్తాడట. అన్నం తిని వచ్చేలోపు తేల్చుకోమని లేచాడు.

లాలు నాయక్ ద్వాలిని పక్కకు తీసుకెళ్లాడు. బిచ్యాకు చిన్ననాటి స్నేహితుడు, పోడు కొట్టిననాడు ఆమె చేను హద్దురాళ్లు పాతించింది ఆయనే. అరవలేదు, బెదిరించలేదు.

"ముప్ఫై ఇండ్లు ద్వాలీ. నీదొక్కటి. పట్టాలొచ్చినంక తలా ఇంత నీకు కోసిస్తం, నా మాట."

చుట్టూ చూసింది. అందరూ ఆమెనే చూస్తున్నారు. అంబలి పోసి తిట్టి పంపిన మరిది వరసవాళ్లు, చంకన మనవరాలితో రూప్లి, అందరూ. ఎవరి కళ్లలోనూ జాలి లేదు, భయమే ఉంది. భయపడ్డవాళ్లను తిట్టడం ఆమెకు చేతకాలేదు. ఆ లెక్చరరు ఎదురుగా ఉంటే ఆ రాయితోనే నెత్తి పగలగొట్టేది, కానీ ఆయన ఖమ్మంలో వరండాలో ఉన్నాడు.

ఆఫీసరు తిరిగొచ్చి కూర్చున్నాక ముందుకు వెళ్లి నిలబడింది. "గా రాయి నా చేన్ల దొరకలే. గా సారును నేను ఎన్నడు చూడలే. పుస్తకం సంతల దొరికితే తెచ్చిన."

"ఇందులో నీ పేరుంది మరి?"

"ద్వాలి పేరుగల్లోళ్లు శానమంది ఉంటరు సారు."

వేలిముద్ర వేసింది. పుస్తకం తిరిగి ఇచ్చేశారు. ముప్ఫై ఇళ్ల కాగితాలూ సరిపోయాయి. ద్వాలి పేరు దగ్గర, ఆధారం లేదు అని రాసి కింద గీత గీశారు. ఆమె ఆ పుస్తకాన్ని ఇంటికి తీసుకెళ్లి, అదే పూట, అన్నం వండుకునేటప్పుడు పొయ్యిలో పెట్టింది.

మరుసటి ఏడు పట్టాలొచ్చాయి. లాలు నాయక్ బస్తా జొన్నలు పంపాడు. ఇంకొకళ్లిద్దరు కుంచెడు కందులిచ్చారు. ఆ తర్వాతి ఏడు ఎవరూ ఏమీ పంపలేదు. కోసిస్తామన్న భూమి సంగతి అడగబోతే రూప్లి, పట్టా భూమి ముక్కలు చేయగూడదట అంది. అది నిజమో కాదో ద్వాలి కనుక్కోలేదు. వెంకటనారాయణకు సన్మానం బాగా జరిగిందని విన్నాను, శాలువా కప్పారట.

తొంభై ఏడులో వానలు పడేముందు అడవి శాఖ వాళ్లు వాగు వంపు దగ్గర నాలుగెకరాల చుట్టూ కందకం కొట్టించి, జామాయిలు మొక్కలు పెట్టడానికి గుంటలు తవ్వే పని పెట్టారు. రోజు కూలి. తండాలో భూమి లేనిది ద్వాలి ఒక్కతే, పక్క తండాల నుంచి ఇంకో పదిమంది ఆడవాళ్లు వచ్చారు. మొదటి రోజు వాళ్లందరి గడ్డపారలూ రాళ్లకు తగిలి మొద్దుబారాయి. ద్వాలి గుంటలు మాత్రం చకచకా దిగాయి. ఎక్కడ బండ ఉందో, ఎక్కడ మట్టి మెత్తగా ఉంటుందో ఆమెకు అడుగు అడుగూ తెలుసు. మేస్త్రీ అది కనిపెట్టి ఆమెను ముందు వరసలో నిలబెట్టాడు, ఎక్కడ తవ్వాలో మిగతావాళ్లకు చూపించమన్నాడు. ద్వాలి చూపించింది. చేను ఈ చివర నుంచి ఆ చివర దాకా నడుస్తూ, ఒక్కొక్క చోటా కాలితో గీత గీసి చూపించింది.